ఇంటి క్యారేజీ అయినా సరే, పోపులో ఇంగువ వేశారేమో అడగండి

మీ చెల్లికి సీలియాక్ (గోధుమ, బార్లీలాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు) ఉందని, వచ్చే వారం గుంటూరులో గాల్ బ్లాడర్ ఆపరేషన్ అని రాశారు. ఆ నాలుగైదు రోజులూ ఆసుపత్రి భోజనం తినొచ్చా, ఇంటి నుంచే క్యారేజీ తేవాలా అని అడిగారు. నాకూ సీలియాక్ ఉంది. తొమ్మిదేళ్లుగా గోధుమ ముట్టలేదు. నా మటుకు ఇంటి క్యారేజీయే మేలని చెబుతాను. కానీ ఆసుపత్రిలో నాకు దెబ్బ తగిలింది కూడా ఇంటి క్యారేజీ వల్లే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక పెళ్లికని విజయవాడ వెళ్లి, మొగల్రాజపురంలో మా పిన్ని వాళ్లింట్లో ఉండగా రాత్రికి రాత్రి కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్ అన్నారు. దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి తెల్లారేసరికి ఆపరేషన్ చేశారు. ముందుగా ఏర్పాటు చేసుకునే వీలు నాకు లేకపోయింది. మీకు వారం టైముంది, అది చాలా పెద్ద విషయం.

చేర్చేటప్పుడు నర్సుతో "నాకు గోధుమ పడదు" అన్నాను. ఆ మాట చాలదని తర్వాత తెలిసింది. మూడో రోజు గట్టి ఆహారం మొదలుపెట్టమన్నప్పుడు నా ట్రేలో గోధుమ రవ్వ ఉప్మా వచ్చింది. నా పేరు దగ్గర "స్పెషల్ డైట్" అని రాసుకున్నారట. స్పెషల్ డైట్ అంటే షుగర్ వాళ్లదే అని క్యాంటీన్ లెక్క. షుగర్ వాళ్లకి ఉదయం గోధుమ రవ్వ, రాత్రి చపాతీ. అంటే నేను వద్దన్నదే ఏరి కోరి పంపారు. పంపినవాళ్ల మనసులో చెడు ఏమీ లేదు. మన ప్రాంతంలో షుగర్, బీపీ పథ్యాలు అందరికీ తెలుసు, ఇది చాలామంది విననైనా వినలేదు.

సాయంత్రం ఆయమ్మ వేడి వేడి పాలు తెచ్చింది. గ్లాసు రంగు చూసి అడిగితే "హార్లిక్స్ కలిపానమ్మా, నీరసంగా ఉన్నావు కదా" అంది. అందులో గోధుమా ఉంటుంది, బార్లీ మాల్టూ ఉంటుంది. యూరిన్ గొట్టం తీశాక మంటగా ఉందంటే పక్క మంచం పెద్దావిడ బార్లీ నీళ్లు తాగమని ఎంతో ప్రేమగా చెప్పింది. వాళ్ల అబ్బాయి చేత ఫ్లాస్కులో తెప్పించింది కూడా. చేతులు పట్టుకుని వద్దని చెప్పాను. మన ఇళ్లల్లో ఒంట్లో బాగోలేనివాళ్లకి ముందుగా ఇచ్చేవి బ్రెడ్డు, మాల్టు, బార్లీ నీళ్లు. మన జబ్బుకి సరిగ్గా అవే పడవు.

ఇవన్నీ తప్పించుకున్నాను కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. పిన్ని రెండు పూటలా క్యారేజీ పంపేది. మెత్తటి అన్నం, మిరియాల చారు, పెరుగు. గోధుమ జోలికే పోలేదు. అయినా రెండో రోజుకి కడుపు ఉబ్బి డప్పులా అయింది, విరోచనాలు పట్టుకున్నాయి. కుట్లు పచ్చిగా ఉన్న కడుపుతో బాత్రూమ్‌కి పదే పదే లేవడం ఎలా ఉంటుందో చెప్పలేను. యాంటీబయాటిక్ వల్ల అయి ఉంటుందని డ్యూటీ డాక్టరు మందు మార్చారు. నాకు మాత్రం పాత అనుభవం గుర్తొచ్చింది. ఫోన్ చేసి "పిన్నీ, చారులో ఇంగువ వేశావా?" అన్నాను. "వెయ్యకుండా చారేంటే? అరుగుదలకి మంచిదని కాస్త ఎక్కువే వేశాను" అంది.

మనం కొనే ఇంగువ అచ్చం ఇంగువ కాదు. అసలు ఇంగువ విపరీతమైన ఘాటు కాబట్టి దానికి జిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా బ్రాండ్లలో గోధుమ పిండో, మైదానో. డబ్బా వెనక చదివితే కనిపిస్తుంది. మా ఇంట్లో ఏళ్ల కిందటే మానేశాం. పిన్నికి ఆ మాట చెప్పాలని మత్తులో నాకు తట్టలేదు. ఇంగువ మానిన రెండు రోజులకి కడుపు కుదుటపడింది. మందు మార్చినందుకో, చారు మార్చినందుకో అక్కడ ఎవరూ తేల్చలేదు. నా నమ్మకం మాత్రం చారు మీదే. పిన్ని ఆ రోజు ఎంత ఏడ్చిందో! తప్పు ఆమెది కాదు.

"చిటికెడేగా" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. గ్లూటెన్ లోపలికి వెళితే మన ఒంట్లోని రోగనిరోధక శక్తే చిన్న పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. గ్లూటెన్ లేనిదని ప్యాకెట్ మీద రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. అంత కొద్దిలో లెక్క ఇది.

అందుకని మీరు ముందుగా చేయాల్సింది సర్జన్‌తో, మత్తు డాక్టరుతో మాట్లాడి కేసు షీటులో సీలియాక్ అని, దాని పక్కనే "గోధుమ, మైదా, రవ్వ, సేమ్యా, బార్లీ, మాల్టు, ఓట్స్ ఇవ్వరాదు, షుగర్ డైట్ కాదు" అని రాయించడం. జబ్బు పేరు ఒక్కటే రాస్తే క్యాంటీన్ దాకా వెళ్లేసరికి దానికి అర్థం ఉండదు, వస్తువుల పేర్లే పనిచేస్తాయి. ఇంటి భోజనానికి అనుమతి కూడా అందులోనే రాయించండి, గేటు దగ్గర సెక్యూరిటీ క్యారేజీ ఆపితే అదే చూపించొచ్చు. అదే సంగతి పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి మంచం తల దగ్గర అంటించండి. డ్యూటీలు మారుతుంటాయి, ఉదయం చెప్పిన నర్సు రాత్రి ఉండదు. సెలైన్‌తో భయం లేదు. మాత్రల్లో వాడే పిండి ఎక్కువగా మొక్కజొన్నదే, అయినా రాసిచ్చిన ప్రతి మాత్రనీ, బలానికిచ్చే పౌడర్లనీ మందుల షాపులో ఒకసారి చూపించి అడగండి.

తిండి సంగతి నిజానికి మనకి తేలికే, మనది అన్నం తినే ప్రాంతం. గంజి, సగ్గుబియ్యం జావ, పెసరకట్టు, ఇంట్లో చేసిన ఇడ్లీ, బియ్యపు రవ్వ ఉప్మా, పెరుగన్నం, అరటిపండు, కొబ్బరినీళ్లు. గాల్ బ్లాడర్ కాబట్టి నూనె, నెయ్యి ఎంత అనేది డాక్టరు చెప్పినట్టే చేయండి. పోపుకి జీలకర్ర, కరివేపాకు చాలు. క్యాంటీన్ ఇడ్లీ మాత్రం వద్దంటాను. మన వైపు ఇడ్లీ రవ్వ బియ్యంతోనే చేస్తారు గానీ ఉప్మా వడ్డించిన గరిటెతోనే చట్నీ వేస్తారు, సాంబారులో ఇంగువ ఉంటుంది. ఇంకొకటి, రాగి జావకి పిండి మరలో ఆడించకండి. మీకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు, ఆ పిండి మీ రాగుల్లో కలుస్తుంది. రాగులు శుభ్రంగా ఏరి, కడిగి ఆరబోసి మిక్సీలో పట్టుకోండి.

చూడ్డానికి వచ్చేవాళ్లు బిస్కెట్లు, బ్రెడ్డు తెస్తారు. తీసుకుని పక్కన పెట్టేయండి. నాకోసం ఒకరు కొండ మీద నుంచి అమ్మవారి పులిహోర తెచ్చారు, కళ్లకద్దుకుని మా అబ్బాయికి ఇచ్చాను. అన్ని రోజులూ తిండి చూసుకునే బాధ్యత ఒక్కరే తీసుకుంటే మంచిది, ఆ ఒక్కరూ మీరే అవ్వండి.

డిశ్చార్జి కాగితాల్లో సీలియాక్ అని రాశారో లేదో చూసుకోండి. నేను ఇప్పుడు బ్రాడీపేటలోనే ఉంటున్నాను. ఆపరేషన్ ఏ రోజో, ఏ వైపు ఆసుపత్రో మెసేజ్ చేయండి. మిక్సీలో పట్టిన రాగి పిండి మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, మొదటి రోజు జావ నేను కాచి పంపిస్తాను.