జంతువుల ప్రవర్తన చదివితే అన్నం పెడుతుందా?

"మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. నీట్ కోచింగ్‌కి డబ్బు కట్టేశాక ఇప్పుడు జంతువుల ప్రవర్తన మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఏనుగులు పేర్లు పెట్టి పిలుచుకుంటాయట, అది చదివిన దగ్గర్నుంచీ ఇదే గోల. ఇందులో ఉద్యోగం ఉంటుందాండీ?" అని రాజోలు నుంచి ఒక తండ్రి అడిగారు.

ఉంటుందండి, కాకపోతే ఆలస్యంగా వస్తుంది. ముందు ఆ ఏనుగుల సంగతి చెప్తాను, ఎందుకంటే మీ అమ్మాయి ఎందులో దిగబోతోందో అందులోనే తెలుస్తుంది. 2024లో వచ్చిన పరిశోధన అది. కెన్యాలో అడవి ఏనుగుల పిలుపులు 469 రికార్డు చేసి, ఏ పిలుపు ఏ ఏనుగును ఉద్దేశించిందో కంప్యూటర్ చెప్పగలదా అని చూశారు. వందకు 27 సార్లే సరిగ్గా చెప్పింది! అయితే గుడ్డిగా చెబితే ఎనిమిదే రావాలి, ఆ తేడాలోనే ఉంది కిటుకంతా. తర్వాత ఆ పిలుపుల్ని స్పీకర్లో వినిపిస్తే, తనకోసం పిలిచిన పిలుపుకి ఏనుగు ఎక్కువగా స్పందించింది.

అంటే ఎండలో నెలల తరబడి కాపలా కాయడం సగం పని, మిగతా సగం స్టాటిస్టిక్స్, కోడింగ్. లెక్కల పీడ వదిలిందని బైపీసీ తీసుకున్న పిల్లలకి ఇక్కడ టెన్షన్ మొదలవుతుంది.

నీట్ మాన్పించకండి, రాయనివ్వండి. దాంతోపాటు ఐసర్ (సైన్సు చదువుకీ పరిశోధనకీ ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల ప్రవేశపరీక్ష ఐఏటీ కూడా రాయించండి, బైపీసీ వాళ్లు రాయొచ్చు. బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, ఒక్కోదానికి 15 ప్రశ్నలు. లెక్కలకి ఇప్పట్నుంచే ఎవరిచేతైనా చెప్పించండి. సీటొస్తే తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. రాకపోతే కొంప మునగదు, దగ్గర్లో బీఎస్సీ జువాలజీ చేసి ఎమ్మెస్సీకి డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌కో, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌కో ప్రయత్నించొచ్చు. ఆపైన పీహెచ్‌డీ. జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ వేరే. అక్కడిదాకా ఖర్చు మీదే, అది ముందే ఇంట్లో తేల్చుకోండి. పర్మినెంట్ ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ, ముప్పై దాటేదాకా స్థిరపడకపోవచ్చు. పెళ్లి సంబంధాల వాళ్లకి ఈ చదువేంటో చెప్పడం ఇంకో కష్టం, ఆయ్!

ఇక ఇష్టం గట్టిదో కాదో చూడాలంటే కెన్యా దాకా ఎందుకు. దాళ్వాకి (రెండో వరి పంటకి) దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ వెనకాల కొంగలు వాలతాయి కదా. ట్రాక్టర్ వెంటపడే కొంగ నిమిషానికి ఎన్నిసార్లు పురుగు పట్టింది, దూరంగా గట్టు మీద ఒంటరిగా తిరిగే కొంగ ఎన్నిసార్లు పట్టింది, వాచీ పెట్టుకుని రాయమనండి. ఒక్క పూట కాదు, ఆ సీజనంతా. నోట్‌బుక్ నిండాక ఆ పేజీలు ఫొటో తీసి పంపించండి, చూసి అప్పుడు మిగతాది మాట్లాడదాం.