కొత్తగా టీచరై బడికెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నీకు మూడో తరగతి ఇచ్చారని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమనిపించింది. ముప్పై నాలుగేళ్లు నేను చేసిన పనిలోకే నువ్వూ వస్తున్నావు, అందుకే ఒక్క సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను.

టీచరు అర్హత పరీక్ష టెట్‌కి చదివేటప్పుడు, నేర్చుకోవడం ఎలా జరుగుతుందో జంతువుల మీద పరీక్షించి చూసిన శాస్త్రవేత్తల గురించి పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక అని బట్టీ పట్టి ఉంటావు. జతపరచండి ప్రశ్నకి అది సరిపోతుంది. తరగతి గదికి సరిపోదు. పునర్బలనం అంటే బహుమతి ఇవ్వడమే అనుకుని చాలామంది బడిలోకి వస్తారు. నేనూ అలాగే వచ్చాను. అసలు అర్థం వేరు. ఒక పని చేసిన వెంటనే ఏది దొరకడం వల్ల ఆ పని మళ్లీ మళ్లీ జరుగుతుందో, అదే పునర్బలనం. మనం బహుమతి అనుకుని ఇచ్చింది పిల్లవాడికి బహుమతి కాకపోవచ్చు. మనం శిక్ష అనుకున్నదే వాడికి కావలసింది కావచ్చు.

ఇది నాకు ఒక ఎనిమిదేళ్ల పిల్లవాడి దగ్గర అర్థమైంది. కిటికీ పక్కన కూర్చునేవాడు. నేను బోర్డు వైపు తిరగ్గానే స్కేలుతో బెంచీ మీద టకటకా కొట్టేవాడు. నేను సుద్దముక్క చేతిలో ఉండగానే గిరుక్కున తిరిగి, పేరు పెట్టి గట్టిగా పిలిచేదాన్ని. తరగతంతా వాడివైపు చూసేది. వాడు తల దించుకునేవాడు గానీ పెదవి చివర చిన్న నవ్వు ఉండేది. రెండు నిమిషాలకి మళ్లీ టకటక. వాళ్లమ్మ తెల్లవారకముందే పనికి పోతుందనీ, ఇంట్లో వాణ్ణి పలకరించే మనిషే లేదనీ తర్వాత తెలిసింది. రోజుకి పదిసార్లు వాడి కళ్లలోకి చూసి, వాడి పేరు పలికేది నేనొక్కదాన్నే. అదీ వాడు కొట్టినప్పుడే. బుద్ధిగా రాసుకుంటున్నప్పుడు ఒక్కసారి కూడా వాడి దగ్గరికి వెళ్లలేదు.

అప్పుడు పద్ధతి మార్చాను. చప్పుడుకి తిరగడం మానేశాను. వాడు తల వంచి రాస్తున్న క్షణం కనిపెట్టి, పక్కన నిలబడి, "ఈ ఒత్తు చక్కగా కుదిరింది, చూడు" అని ఆ అక్షరం మీద వేలు పెట్టి చూపించేదాన్ని. ఏమైందనుకున్నావు? మొదటి మూడు రోజులూ చప్పుడు తగ్గకపోగా పెరిగింది. స్కేలు పోయి ఇనప పెన్సిల్ డబ్బా వచ్చింది. నాలుగో రోజు నేను ఓపిక పట్టలేక అరిచేశాను. అంతే, మళ్లీ మొదటికొచ్చింది, ఇంకాస్త మొండిగా.

నువ్వు చదివిన విరమణ అనే మాట ఇక్కడిదే, దొరికేది ఆగిపోతే ఆ పని కూడా మెల్లగా ఆగిపోవడం. కానీ ఎప్పుడూ దొరికేది హఠాత్తుగా ఆగిపోతే, ఆ పని తగ్గేముందు ఒకసారి గట్టిగా లేవొచ్చు. ఆ సమయంలో మనం లొంగితే ఇంకా గట్టిగా చెయ్యమని నేర్పినట్టే. ఇక్కడ స్కిన్నర్ రాసుకున్న సంగతి ఒకటి చెప్పాలి. మీట నొక్కితే ఎలుకలకి పెట్టే మేత గుళికలు ఆయనే మిషన్ మీద తయారుచేసుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం చూస్తే, సాయంత్రం దాకా కూర్చుని చెయ్యకపోతే సోమవారం పొద్దున పదిన్నరకే అయిపోయేలా ఉన్నాయి. మీట నొక్కిన ప్రతిసారీ ఎందుకివ్వాలి, నిమిషానికి ఒకటిస్తే పోదా అనుకున్నాడు. ఎలుకలు నొక్కడం మానలేదు. అలా అప్పుడప్పుడూ మాత్రమే దొరికిన వాటికి పూర్తిగా ఆపేసినా ఒక పట్టాన ఆ అలవాటు పోలేదు. తర్వాత ఫెర్‌స్టర్ అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి ఏళ్ల తరబడి పావురాల మీద ఇదే పరీక్షించి 1957లో పెద్ద పుస్తకమే వేశారు. నా పిల్లవాడి విషయంలో నేను చేసిందీ అదే. మూడు రోజులు ఊరుకుని నాలుగో రోజు అరవడం అంటే, అల్లరికి అప్పుడప్పుడూ గుళిక వెయ్యడమే. ఊరుకోవడం మొదలుపెడితే చివరిదాకా ఊరుకో. లేకపోతే మొదలే పెట్టకు. (ఎవరికైనా దెబ్బ తగిలే అల్లరి వేరు, దాన్ని వెంటనే ఆపాల్సిందే.) రెండోసారి నేను గట్టిగా నిలబడ్డాను. మూడు వారాలు పట్టింది.

ఇదే సూత్రాన్ని మంచికి వాడుకో. కొత్తగా నేర్చుకుంటున్నప్పుడు ప్రతి చిన్న అడుగుకీ మెచ్చుకోలు ఉండాలి. నోరు విప్పని ఆడపిల్ల ఉంటుంది, ప్రతి తరగతిలో ఒకరైనా ఉంటారు. ఆ పిల్లని మొదటి రోజే పాఠం చదవమనకు. హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తితే చాలు, నవ్వు. తర్వాత పెదాలు కదిపితే నవ్వు. ఆ తర్వాత నీకొక్కదానికే వినపడేలా ఒక మాట. ఒక మెట్టు కుదిరాకే పైమెట్టు అడుగు. అలవాటు పడ్డాక మెచ్చుకోలు కాస్త కాస్త దూరం చేసుకుంటూ పో.

అరవడం గురించి ఇంకో మాట. నువ్వు అరవగానే తరగతి నిశ్శబ్దమవుతుంది. గోల పోయి హాయి దొరికింది కాబట్టి రేపు ఇంకాస్త తొందరగా అరుస్తావు. రుణాత్మక పునర్బలనం అని పరీక్షలో రాశావే, అది ఇక్కడ టీచరుకే జరుగుతుంది. అది శిక్ష కాదు, బాధ తొలగిపోవడం వల్ల అలవాటు బలపడడం. లెక్కల పీరియడ్‌కి సరిగ్గా కడుపునొప్పి వచ్చే పిల్లవాణ్ణి ఇంటికి పంపించేస్తే జరిగేదీ అదే. వాడు అబద్ధమాడుతున్నాడని తిట్టకు, నొప్పి నిజంగానే వస్తుండొచ్చు. ముందు ఇంట్లోవాళ్లకి చెప్పి డాక్టరుకి చూపించమను. ఒంట్లో ఏమీ లేదన్నాక, వాడు ఖాయంగా చెయ్యగల రెండు లెక్కలిచ్చి కూర్చోబెట్టు. బెత్తం సంగతి సరేసరి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. చట్టం లేకపోయినా నేనిదే చెబుతాను. దెబ్బ ఏం చెయ్యకూడదో చెబుతుంది గానీ ఏం చెయ్యాలో నేర్పదు. పైగా గంట మోగగానే మేత వస్తుందని పావ్‌లోవ్ కుక్కకి నోరూరినట్టే, లెక్కల పుస్తకం చూడగానే పిల్లలకి భయం వేస్తుంది.

నోట్‌బుక్కులు ఇంటికి మోసుకెళ్లి మూడు రోజులకి దిద్ది ఇవ్వకు. 1953 నవంబరులో స్కిన్నర్ తన కూతురి నాలుగో తరగతి లెక్కల క్లాసు చూడ్డానికి వెళ్లాడు. పిల్లలంతా ఒకే వేగంతో నడవాలి, తమది ఒప్పో తప్పో వెంటనే తెలియదు. ఆ రెండూ చూసి ఉండబట్టలేకనే బోధన యంత్రం తయారుచేశాడు. నీకు యంత్రం అక్కర్లేదు. బెంచీల మధ్య తిరుగుతూ అక్కడికక్కడే ఒక టిక్కు పెట్టు.

చాక్లెట్లు మాత్రం జాగ్రత్త. ఎక్కాలు అప్పజెప్పినవాళ్లకి చాక్లెట్ అని ఒక ఏడాది మొదలుపెట్టాను. సంక్రాంతి సెలవుల తర్వాత చాక్లెట్లు ఆపగానే, అంతకుముందు సరదాగా పాడుకుంటూ చెప్పే పిల్లలు కూడా "చాక్లెట్ లేదా టీచర్?" అని కూర్చున్నారు. అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనేవాళ్లు 1973లో చిన్నపిల్లల బొమ్మల మీద ఇదే చూపించారు. బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత తీరిక వేళల్లో బొమ్మలు వెయ్యడం తగ్గించేశారు. పిల్లలు ఇష్టంగా చేసేదానికి వెల కట్టకు.

అన్నీ దీనితోనే అయిపోతాయని కూడా అనుకోకు. మనసులో ఏముందో కాదు, బయటికి కనిపించే ప్రవర్తననే పట్టించుకోవాలని వాట్సన్ అనే మనస్తత్వవేత్త 1913లో పట్టుబట్టాడు గానీ, ఆ దారిలో నేను చివరిదాకా నడవలేదు. ఏడెనిమిదులు యాభై ఆరు అని నోటికి రావడానికి మెచ్చుకోలు పనిచేస్తుంది. ఎనిమిది ఏడులు కూడా యాభై ఆరే ఎందుకయిందో తెలియాలంటే పిల్ల గింజలు పేర్చుకుని తనే చూడాలి.

రేపు వెళ్లేటప్పుడు చీర కొంగున గుప్పెడు చింతగింజలు కట్టుకో. టేబుల్ మీద రెండు గిన్నెలు పెట్టు. అల్లరికి ఎవరి పేరైనా పిలిస్తే ఒక గింజ ఎడమ గిన్నెలో, మంచి పనికి పిలిస్తే కుడి గిన్నెలో వెయ్యి. నేను చేసిన మొదటి రోజు ఎడమ గిన్నెలో ఇరవై మూడు, కుడిదాంట్లో నాలుగు ఉన్నాయి. నీ లెక్క శనివారం ఫోన్‌లో చెప్పు, ఎదురుచూస్తుంటాను.

మీ అత్త