ఈస్ట్ మనిషిని, రోగుల కణాల దగ్గరకు వెళ్ళనా?

ప్రశ్న: మేడమ్, నా పీహెచ్‌డీ ఈస్ట్‌లో (రొట్టె పిండిని పొంగించే సూక్ష్మజీవి) డీఎన్ఏ మరమ్మతు మీద. ఐదేళ్ళూ ఈస్ట్ తప్ప మరొకటి ముట్టుకోలేదు. ఇప్పుడు ‘మానవ వ్యాధుల్లో డీఎన్ఏ డ్యామేజ్’ మీద రెండేళ్ళ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) పోస్టు పడింది. హంటింగ్టన్ లాంటి నరాల జబ్బులున్నవాళ్ళ కణాలతో పని. వచ్చే వారం ఇంటర్వ్యూ. మనిషి కణాలు పెంచడం రాదని చెబితే అక్కడితో ఆపేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. పైగా ‘డీఎన్ఏ డ్యామేజ్ అంటే క్యాన్సరే కదా, నరాలకేం సంబంధం?’ అని ఇంట్లో అడిగితే సరిగ్గా చెప్పలేకపోతున్నాను. (పేరు రాయవద్దన్నారు)

జవాబు: రాదన్న సంగతి దాచకండి. కణాలు పెంచడం కొన్ని నెలల్లో చేతికొస్తుంది. ఈలోగా నాలుగైదు ఫ్లాస్కులు పాడుచేస్తారు, అందరూ చేసిందే. మీరు ఈస్ట్ ల్యాబ్ నుంచి వచ్చారంటే కల్చర్ గదిలోవాళ్ళు కాస్త భయపడతారు కూడా. వాళ్ళ ఫ్లాస్కులో ఈస్ట్ పడిందంటే అది పారబోయాల్సిందే మరి!

ఈస్ట్ మనిషినని చిన్నబుచ్చుకోవాల్సిన పని మాత్రం లేదు. డీఎన్ఏ నకలులో పడిన అక్షరదోషాలను దిద్దే మిస్‌మ్యాచ్ రిపేర్ జన్యువులు చెడితే, ఒకే అక్షరాలు మళ్ళీ మళ్ళీ వచ్చే చోట డీఎన్ఏ పొడవు నిలకడగా ఉండదని 1993లో తేల్చింది ఈస్ట్‌వాళ్ళే. ఆ ఏడాదే, వంశపారంపర్యంగా పెద్దపేగు క్యాన్సర్ వచ్చే కుటుంబాల్లో ఆ రిపేర్ జన్యువుల్లో ఒకటైన ఎంఎస్‌హెచ్2 చెడి ఉందని బయటపడింది. దాని తోబుట్టువు లాంటి ఎంఎస్‌హెచ్3 ఇప్పుడు మీ హంటింగ్టన్ కథలో ఉంది. ఆ జబ్బులో సీఏజీ అనే మూడక్షరాలు వరసగా 40 సార్లో అంతకన్నా ఎక్కువగానో ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ మెదడులోని కొన్ని కణాల్లో ఆ వరస ఇంకా సాగుతుంది. సాగదీసేది ఎక్కడో బయటి విషం కాదు, బాగుచేయడానికి వచ్చిన రిపేర్ యంత్రాంగమే. 2015లో వేలమంది రోగుల జన్యువులు పరిశీలించి, జబ్బు ఏ వయసులో మొదలవుతుందన్నదాన్ని ముందుకో వెనక్కో జరిపేవి ఏవని వెతికితే, ఎఫ్ఏఎన్1 అనే మరో రిపేర్ జన్యువున్న చోటు దొరికింది. ఇదంతా మీరు ఐదేళ్ళుగా చదువుకున్న పాఠమే.

ఇంట్లోవాళ్ళకు రెండు జబ్బులు పక్కపక్కన పెట్టి చెప్పండి. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ ఉన్న పిల్లల చర్మం ఎండ చేసిన గాయాన్ని డీఎన్ఏలో బాగుచేసుకోలేదు. ఈ సంగతి 1968లో జేమ్స్ క్లీవర్ చూపించారు. ఆ పిల్లలకు చిన్నతనంలోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. కాకేన్ సిండ్రోమ్‌లోనూ దాదాపు అదే రిపేర్ దారి, కాకపోతే చెడేది మరో మలుపు దగ్గర. ఆ పిల్లలు ఎదగరు, నరాలు దెబ్బతింటాయి, కానీ క్యాన్సర్ ముప్పు పెరగదు. విభజన జరిగే కణంలో బాగుపడని గాయం తప్పుగా నకలై, దాన్నుంచి పుట్టే కణాలన్నిటికీ పోతుంది. విభజన మానేసిన నరాల కణంలో నకలన్నదే ఉండదు. జన్యువును చదివే పని మధ్యలో ఆగిపోయి, కణం నీరసించి చస్తుంది.

ఇక మీరు అడగని విషయం. నేను పోస్ట్‌డాక్‌గా చేరిన తొలి ల్యాబ్‌లో రోగుల రక్త కణాలతో కామెట్ పరీక్ష చేసేదాన్ని. కణాన్ని జెల్‌లో పొదిగి కరెంటు పెడితే, తెగిన డీఎన్ఏ తోకలా బయటికొస్తుంది. రోగుల కణాలకు పొడుగు తోకలు, ఆరోగ్యవంతుల కణాలకు పొట్టివి. ఏడు నెలలు పొంగిపోయాను. ఒకరోజు రిజిస్టర్ తిరగేస్తుంటే తెలిసింది, రోగుల రక్తం క్లినిక్‌లో పొద్దున తీసి నా దగ్గరకు సాయంత్రానికి పంపుతున్నారు. ఆరోగ్యవంతులంటే మా ల్యాబ్‌వాళ్ళమే, చేయి చాపిన పది నిమిషాల్లో పరీక్ష. నా రక్తాన్నే అన్ని గంటలూ పెట్టెలో ఉంచి చూశాను. తోకలు సాగాయి! ఆ రాత్రి అన్నం తినలేదు.

అందుకే ఇంటర్వ్యూలో చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు, జీతం గురించి ఎలాగూ కాగితం మీద ఉంటుంది కాబట్టి, ఇవి అడగండి. కంట్రోల్ శాంపిల్స్, అంటే పోల్చి చూడటానికి తీసుకునే ఆరోగ్యవంతులవి, ఎవరివి, ఎక్కడ తీస్తారు, తీశాక పరీక్షకు ఎంతసేపు పడుతుంది? లెక్కపెట్టేవాళ్ళకు ఏ స్లైడు రోగిదో తెలుస్తుందా? మరీ ముఖ్యంగా, కనబడే డ్యామేజ్ జబ్బుకు కారణమా, లేక చావబోయే కణంలో చివరికి మిగిలే చిందరవందరా అన్నది ఏ ప్రయోగంతో తేలుస్తారు? ‘ఎంఎస్‌హెచ్3ని తగ్గించి, వరస సాగడం ఆగిందా, ఆగినచోట కణం నిలబడిందా అని చూస్తాం’ అంటే సరైన చోటికే వచ్చారు. ‘ముందు ఎంత డ్యామేజ్ ఉందో కొలుద్దాం, తర్వాత చూద్దాం’ అంటే నేనైతే వెనకాడతాను. కొలవడంతోనే రెండేళ్ళూ అయిపోతాయి.

ఇంకొకటి. రోగుల శాంపిల్స్ వాడటానికి ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చిందా అని సూటిగా అడగండి. ‘అప్లై చేశాం’ అన్నారంటే ఇంకా రాలేదని అర్థం. అప్పుడు మీరు చేరే తేదీ మాట్లాడుకోండి.