ముప్పై ఐదేళ్లలోపు

చిక్కడపల్లి, హైదరాబాద్
ఆదివారం, సాయంత్రం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యం కావడానికి బద్ధకం కొంత, నీ టైమ్‌టేబుల్ చూసి పుట్టిన కంగారు కొంత. 29 నిండేలోపు నవల, 31కి కథల సంపుటి, 35 దాటకముందే సాహిత్య అకాడెమీ యువ పురస్కారం. ఇందుకోసం రాయదుర్గంలో ఉద్యోగం మానేస్తానంటున్నావు. మీ అమ్మ ఫోన్ చేసినా ఎత్తడం లేదని, ఆ టైమంతా నవలకే ఇస్తున్నానని కూడా రాశావు. ఆ వాక్యంలో కాస్త గర్వం కనపడింది నాకు.

ముందు పురస్కారం సంగతి. 2011లో మొదలుపెట్టారు. వయసు 35 మించకూడదు. 50,000 రూపాయలు, ఒక రాగి ఫలకం ఇస్తారు. వస్తే సంతోషమే, నేనూ వచ్చి చప్పట్లు కొడతాను. కానీ ఆ ఏడాది న్యాయనిర్ణేతలుగా ఎవరు చదువుతారో, నీ పుస్తకం పక్కన ఇంకెవరి పుస్తకాలుంటాయో నీకేం తెలుసు? నీ చేతిలో లేనిదానికి తారీఖు వేశావు. రేపు పొద్దున ఎన్నింటికి రాయడానికి కూర్చుంటావో మాత్రం ఉత్తరం మొత్తంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు 'కర్మణ్యేవాధికారస్తే' అందుకుంటానని భయపడకు. మా ఆఫీసులో ఆ శ్లోకం అందరికన్నా ఎక్కువగా చెప్పిన పెద్దమనిషి ప్రమోషన్ లిస్టు కోసం నెలకు రెండుసార్లు పై ఆఫీసు చుట్టూ తిరిగొచ్చేవాడు.

నేను రాయడం నేర్చుకుంది నల్లా దగ్గర. రాంనగర్‌లో అద్దెకున్న రోజుల్లో మా వీధికి రోజు విడిచి రోజు నీళ్లొచ్చేవి, తెల్లవారుజామున నాలుగున్నరకి. పట్టే డ్యూటీ నాది. నల్లా కింద బిందె పెట్టి, గడప మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని రాసేవాణ్ణి. బిందె మొదట గుబగుబమంటుంది. నిండేకొద్దీ ఆ చప్పుడు సన్నబడి, నీళ్లు మెడ దగ్గరికొచ్చేసరికి ఈలలా పలుకుతుంది. తలెత్తకుండానే తెలిసిపోయేది. వాక్యం సగంలో ఉన్నా లేవాల్సిందే. బిందెకి మూడు నాలుగు వాక్యాలు. ఎనిమిది బిందెలు, ఒక డ్రమ్ము. నీళ్లు రాని రోజున కూడా అదే టైముకి మెలకువ వచ్చేది గానీ, విచిత్రం, ఆ రోజు ఒక్క ముక్క కదిలేది కాదు. నా మొదటి పది కథలూ నీళ్లొచ్చిన రోజులవే.

అందుకే, ఉద్యోగం మానేస్తే రోజంతా రాసుకోవచ్చన్న నీ లెక్క నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఖాళీ రోజు చాలా పెద్దది, బాబూ. దానికి తోడు ఒకటో తారీఖున హాస్టల్ ఫీజు ఎలా కట్టాలన్న టెన్షన్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెళ్తూ అమీర్‌పేటలో మెట్రో మారతావు కదా, ఆ మెట్ల మీద చెవినపడే మాటలు గదిలో కూర్చుంటే ఎవరు చెప్తారు నీకు?

ఇక మీ అమ్మ ఫోన్. ఇది చెప్పాలా వద్దా అనే నిజానికి పది రోజులు ఆగాను. నలభై దాటాక నాకూ నీలాంటి పట్టుదలే వచ్చింది. మూడేళ్లపాటు ఆదివారాలన్నీ తలుపేసుకుని నవల రాశాను. టీ గ్లాసు కిటికీలోంచి వచ్చేది. నవల అచ్చయింది, 500 కాపీలు. సగానికి పైగా ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి, పండక్కి దుమ్ము దులుపుతుంటాం. తర్వాత చాలా ఏళ్లకి సైకిల్ నేర్చుకునే పిల్ల గురించి కథ రాయబోతే కలం సాగలేదు. మా అమ్మాయి సైకిల్ నేర్చుకుంది ఆ మూడేళ్లలోనే. మా కిటికీ ముందరి సందులోనే. నేను చూడలేదు.

పెళ్లయి వెళ్లిన పిల్లకి ఫోన్ చేసి అడిగాను. "అద్దె సైకిల్ నాన్నా, గంటకి మూడు రూపాయలు. అమ్మ కొంగు నడుముకి దోపుకుని సీటు పట్టుకుని పరిగెత్తింది. ఎప్పుడు వదిలేసిందో నాకు తెలీదు. వెనక్కి తిరిగి చూస్తే కిరాణా కొట్టు దగ్గర నిలబడి, ఊడిపోయిన చెప్పు కోసం వెతుక్కుంటోంది" అంది.

ఆ చెప్పు నాకెప్పటికీ తట్టేది కాదు. ఆ కథ గురించి ఈనాటికీ ఎవరో ఒకరు ఉత్తరం రాస్తారు. నవల గురించి ఒక్కరే రాశారు, అచ్చుతప్పుల పట్టిక జతచేసి.

'నా పేరు నిలవాలి' అన్నావు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు. సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో కూర్చుని ఒకరోజు ఆ పేర్లన్నీ వరసగా చదివాను. నాకు తెలిసినవి పది కూడా తేలలేదు. జవాబు మాత్రం నిలిచిపోయింది, ఆ మాట మళ్లీ ఎవరూ అనలేని విధంగా. అందులో మూడు వందల నలభయ్యో పేరుగా ఉండటం నీకు చాలుతుందా? నాకైతే చాలా ఏళ్లు చాలలేదు.

వచ్చే ఆదివారం రా. అప్పటిదాకా రాజీనామా పంపకు. పదింటిలోపు వస్తే ఇడ్లీ ఉంటుంది, ఆ తర్వాతైతే నేను ఆబిడ్స్‌లో పాత పుస్తకాల దగ్గరుంటాను. నవలంతా మోసుకురావద్దు. తల్లి బస్టాండులో చిల్లర లెక్కపెట్టుకునే ఘట్టం నాలుగు పేజీలుందన్నావే, అది చాలు. ఫోన్‌లో చూపిస్తే నాకు ఆనదు, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించు.

ఇంతకీ ఆవిడ ఆ చిల్లర కొంగున ముడేసుకుందా, పర్సులో వేసుకుందా? నువ్వు చెప్పిన దాంట్లో అది లేదు. మీ అమ్మకి ఫోన్ చేసి అడుగు.