గది పోయాక పాట ఎక్కడుంటుంది? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హౌస్ మ్యూజిక్ అనే డాన్స్ సంగీతం చికాగోలో పుట్టిందంటారు. మరి అది పుట్టిన క్లబ్బులు ఇప్పుడు ఎందుకు లేవు? జనం రావడం మానేశారా?
– ఒక విద్యార్థి, మారతహళ్లి

జవాబు: జనం మానలేదు. చోటు పోయింది.

చికాగోలో 206 సౌత్ జెఫర్సన్ వీధిలో మూడంతస్తుల పాత ఫ్యాక్టరీ భవనం ఒకటుంది. 1977లో అందులో వేర్‌హౌస్ అనే క్లబ్ తెరిచారు. డీజే ఫ్రాంకీ నకుల్స్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. వేరే డిస్కోలకు వెళితే గుమ్మంలోనే ఒకటికి రెండు గుర్తింపు కార్డులు అడిగి వెనక్కి పంపే రోజులవి. 'వేర్‌హౌస్‌లో వినిపించే పాట' అన్న మాటే కుదించుకుపోయి 'హౌస్' అయిందని చెబుతారు.

ఆ క్లబ్ అక్కడే పుట్టడానికి మూడు కారణాలున్నాయి. ఫ్యాక్టరీలు ఖాళీ అవడంతో అద్దె తక్కువ. యంత్రాలు తీసేశారు కాబట్టి హాలు విశాలం. రాత్రిపూట పక్కన నిద్రపోయేవాళ్లు లేరు. జెంట్రిఫికేషన్ (అగ్గువ పేట ఖరీదైన పేటగా మారి పాతవాళ్లు ఖాళీ చేయాల్సి రావడం) అంటే అద్దె పెరగడం ఒక్కటే అనుకుంటాం. క్లబ్బుల విషయంలో ముందుగా పోయేది మూడో కారణం. పాత గోదాములను ఫ్లాట్లు చేసి అమ్ముతారు, వాటిలో నిద్రపోయేవాళ్లు వస్తారు, ఫిర్యాదులు మొదలవుతాయి, లైసెన్స్ చిక్కులు వస్తాయి. అద్దె పెంచుతూ యజమాని కబురు పంపేసరికి క్లబ్ అప్పటికే సగం చిక్కిపోయి ఉంటుంది.

న్యూయార్క్‌లో 84 కింగ్ వీధిలోని ప్యారడైజ్ గరాజ్‌ది ఇంకో దారి. పేరుకు తగ్గట్టే అది పాత కార్ల గరాజ్. లారీ లెవాన్ డీజే, సౌండ్ రిచర్డ్ లాంగ్‌ది. మద్యం అమ్మేవారు కాదు, సభ్యత్వం ఉన్నవాళ్లకూ వాళ్ల అతిథులకే ప్రవేశం. 1987 సెప్టెంబరులో లీజు ముగిసింది, పొడిగింపు దొరకలేదు, క్లబ్ ఆగిపోయింది. 2018లో భవనాన్నే కూల్చేశారు. ఒకే గదిలో ఏళ్ల తరబడి పాట వేస్తే ఏ మూల బేస్ (కిందిస్థాయి గంభీర ధ్వని) పేరుకుంటుందో, ఏ వేళకు ఏ పాటకు జనం కదులుతారో డీజేకు చేతికి తెలుస్తుంది. స్పీకర్లను లారీలో వేసుకుని ఇంకో వీధికి పోవచ్చు, ఆ తెలిసినతనం మాత్రం వెంట రాదు. అందుకే 'వేరే చోట పెట్టుకోవచ్చుగా' అనేవాళ్లతో మేం ఏకీభవించం.

వేర్‌హౌస్ భవనానికి 2023లో చికాగో నగరం చారిత్రక కట్టడంగా రక్షణ ఇచ్చింది. మంచి పనే. కానీ అది గోడలకు దొరికిన రక్షణ. నకుల్స్ 1982లోనే అక్కడి నుంచి వెళ్లిపోయాడు.

ప్రశ్న: సంగీతం అందరిదీ కదా, మీరు పదేపదే 'నల్లజాతి' అని ఎందుకు రాస్తారు?
– మల్లేశ్వరం

జవాబు: దెబ్బ అందరికీ ఒకేలా తగలలేదు కాబట్టి. లండన్ పోలీసుల 696 నంబరు ఫారం చూడండి. 2005లో పెట్టారు. డీజేలు, ఎంసీలు (మైకు పట్టుకుని పాడేవాళ్లు) పాల్గొనే కార్యక్రమానికి ముందు వాళ్ల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇవ్వాలి. ఏ రకం సంగీతమో, వచ్చేవాళ్లు ఏ జాతివాళ్లో కూడా మొదట్లో అడిగేవారు. లండన్ నల్లజాతి యువకుల్లో పెరిగిన గ్రైమ్, గరాజ్ అనే సంగీతాల రాత్రులు ఎక్కువగా దెబ్బతిన్నాయి. 2017లో ఆ ఫారాన్ని ఎత్తేశారు. పన్నెండేళ్లలో పోయిన రాత్రులు ఎవరూ తిరిగివ్వలేరు.

ప్రశ్న: వర్తూరు వైపు కొత్త టవర్‌లో ఉంటున్నాం. పక్క ఊరి అమ్మవారి జాతరకు రాత్రంతా తమటె (డప్పు) మోగుతుంది. పోలీసులకు అర్జీ పెడదామని మా అసోసియేషన్‌లో తీర్మానం చేయబోతున్నారు. పిల్లలకు పరీక్షలు. ఏం చేయమంటారు?
– అసోసియేషన్ సభ్యురాలు

జవాబు: అర్జీ ఒక నెల ఆపండి. ఈలోగా అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జరిగింది మీ వాళ్లకు చెప్పండి.

అక్కడ గో-గో అనే సంగీతం ఉంది. 1970లలో చక్ బ్రౌన్ దాన్ని నిలబెట్టాడు. పాటకూ పాటకూ మధ్య కాంగాలు (చేత్తో వాయించే పొడవాటి డ్రమ్ములు), డ్రమ్స్ ఆగవు, పోతూనే ఉంటాయి. పేరు అందుకే వచ్చింది. తమటె విన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. షా అనే పేటలో, సెవెంత్ వీధి, ఫ్లోరిడా అవెన్యూ కలిసే మూల మీద ఒక సెల్‌ఫోన్ దుకాణం 1995 నుంచి బయటికి స్పీకర్ పెట్టి గో-గో వినిపించేది. 2019లో దగ్గర్లోని కొత్త అపార్ట్‌మెంట్ నుంచి ఫిర్యాదు వెళ్లింది, సౌండ్ ఆపమని దుకాణానికి పైనుంచి ఆదేశం వచ్చింది. జనం అదే మూలకు వాయిద్యాలతో వచ్చారు. 80,000 మందికి పైగా సంతకాలు పెట్టారు. కొద్ది రోజుల్లోనే పాట తిరిగి మోగింది, మరుసటి ఏడాది గో-గోను నగర అధికారిక సంగీతంగా చట్టం చేశారు. అయితే గో-గో బ్యాండ్లు వాయించే క్లబ్బులు అప్పటికే చాలావరకు పక్క రాష్ట్రం మేరీల్యాండ్‌లోని శివార్లకు పోయాయి. ఆ చుట్టుపక్కల యూ వీధి ప్రాంతంలో ఒక ఖరీదైన అపార్ట్‌మెంట్‌కు జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎల్లింగ్టన్ పేరు మీద ఎల్లింగ్టన్ అని, ఇంకో దానికి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ పేరు మీద లాంగ్‌స్టన్ లాఫ్ట్స్ అని పేరు. నల్లజాతి కళాకారుల పేర్లు గేటు మీద ఉన్నాయి, నల్లజాతివాళ్ల వాద్యం మాత్రం గేటు బయట ఇబ్బంది అయింది. మాకు బాధ కలిగించేది ఇదే.

ఇక మీ సంగతి. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లే కాదు, 2010 సవరణ తర్వాత వాయిద్యాలు కూడా కుదరవు. పండుగలకు ఏడాదికి 15 రోజులకు మించకుండా, రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. అంటే 'రాత్రంతా' అన్నదానికి ఊరివాళ్లకూ అనుమతి లేదు, 'అసలే వద్దు' అనడానికి మీకూ లేదు. మాట్లాడుకోవడానికి అక్కడ చోటుంది.

అర్జీ కాగితం పట్టుకుని కాకుండా, ఇద్దరు ముగ్గురు గుడి కమిటీ దగ్గరికి వెళ్లండి. ఆ వైపు పాత ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, మాట కలవడం కష్టం కాదు. తేదీలు ముందే రాయించుకోండి, పరీక్షలు ఏ రోజుల్లో ఉన్నాయో చెప్పండి. తమటెనూ డీజే బండినీ వేరు చేసి మాట్లాడండి. మంచాలు అదిరేది చాలావరకు బండి మీది సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్)తోనే. సడలింపు ఉన్న రోజుల్లో బండి 10కి ఆపి, తమటెను 12 దాకా ఉంచమంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఊరేగింపు మీ గేటు ముందు నిలబడే సమయం కూడా అడగండి. కొత్తగా ఫ్లాట్ కొనేవాళ్లకు, అద్దెకొచ్చేవాళ్లకు ఈ జాతర తేదీలు ముందే చెప్పే పద్ధతి పెట్టండి. ఊరు టవర్‌కంటే ముందుంది.

ప్రశ్న: ఇందిరానగర్‌లో మా ఇంటి పక్క ఇల్లు పబ్ అయింది. ఫోన్ యాప్‌లో 50 డెసిబెల్స్ లోపే చూపిస్తోంది, కానీ కిటికీలు అదురుతున్నాయి. మీరెప్పుడూ క్లబ్బుల పక్షమేనా?
– విశ్రాంత ఉద్యోగి

జవాబు: ఇక్కడ మీ పక్షమే. ఇంగ్లండ్ 2018లో తన ప్రణాళికా విధానంలో చేర్చిన నియమం ఒకటుంది: కొత్తగా వచ్చిన వాళ్లే శబ్దం నుంచి రక్షణ ఏర్పాటు ఖర్చు భరించాలి. క్లబ్ పక్కన ఫ్లాట్లు కడితే బిల్డర్ భరించాలి. ఆ లెక్కన ఇళ్ల మధ్యకు పబ్ వస్తే పబ్ భరించాలి. మీ వీధిలో ఇళ్లు ముందు.

నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. యాప్ తక్కువ చూపడానికి కారణం ఉంది. మామూలుగా కొలిచే 'ఎ' స్కేలు 50 హెర్ట్జ్ దగ్గర, అంటే లోతైన బేస్ దగ్గర, దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. 'సి' స్కేలు అక్కడ ఒకటిన్నర కూడా తగ్గించదు. ఫోన్ మైకు కిందిస్థాయి ధ్వనిని సరిగా పట్టదు కూడా. అసలు మీటరు తెప్పించి రెండు స్కేళ్లలోనూ, పాట ఉన్నప్పుడు పది నిమిషాలు, పబ్ మూశాక పది నిమిషాలు కొలవండి. 'సి' అంకె 'ఎ' కంటే బాగా ఎక్కువుంటే బేస్ సమస్య అని తేలినట్టే. చట్టం చూసేది 'ఎ' అంకెనే, కానీ పబ్ సౌండ్ ఇంజినీరుకు మీ 'సి' అంకె చూపిస్తే ఏం సరిచేయాలో తెలుస్తుంది.

పబ్ వాళ్లు చేయాల్సినవి: 50 హెర్ట్జ్ అల దాదాపు 7 మీటర్ల పొడవు. గుడ్ల ట్రేలు, ఫోమ్ షీట్లు దాన్ని ఆపలేవు, అవి గదిలో ప్రతిధ్వని మాత్రమే తగ్గిస్తాయి. సబ్‌వూఫర్‌ను మూలలో పెడితే బేస్ ఇంకా పెరుగుతుంది, మూల నుంచి జరపాలి, కింద మందపు రబ్బరు వేసి స్లాబ్ నుంచి విడదీయాలి. మీ వైపు గోడకు తాకకుండా వేరే ఫ్రేమ్ నిలబెట్టి, మధ్య ఖాళీలో రాక్‌వుల్ (రాతి నార) నింపి, రెండు పొరల జిప్సం బోర్డు బిగించాలి. అంచుల్లో వేలెడు సందున్నా పని పాడవుతుంది. తలుపులు రెండు, మధ్యలో చిన్న గది. లిమిటర్ (సౌండ్ హద్దు దాటకుండా ఆపే పరికరం) పెట్టి తాళం మేనేజర్ దగ్గర ఉంచాలి, లేకపోతే అర్ధరాత్రికి ఎవరో ఒకరు పెంచుతారు. మేడ మీద తెరిచి ఉన్న బార్‌కు మాత్రం ఇవేవీ పనికిరావు. అక్కడి నుంచి సబ్‌వూఫర్ తీసేయడమే.

ప్రశ్న: కోరమంగలలో 80 మంది పట్టే చిన్న హాలు తీసుకుని నెలకు నాలుగు హౌస్, టెక్నో రాత్రులు పెట్టాలని ముగ్గురం అనుకుంటున్నాం. ముందుగా ఏం చూసుకోవాలి?
– ముగ్గురు స్నేహితులు

జవాబు: స్పీకర్ల కంటే ముందు కాగితాలు. 11 నెలల అగ్రిమెంటు మీద లక్షలు పోసి సౌండ్ పని చేయించకండి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ అయితేనే చెల్లుతుంది. కనీసం ఐదేళ్లకు సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయించండి. అప్పుడు యజమాని భవనం అమ్మినా కొన్నవాళ్లకు మీ లీజు వర్తిస్తుంది. ఏటా అద్దె ఎంత శాతం పెరుగుతుందో అంకెతో రాయించండి, 'మార్కెట్ ధర ప్రకారం' అన్న మాట ఉంటే కొట్టేయించండి. లాక్-ఇన్ (ఫలానా గడువులోపు లీజు వదలకూడదన్న షరతు) మీకొక్కరికే కాక యజమానికీ ఉండాలి. వాడకం అన్నచోట సంగీతం, నృత్యం అని స్పష్టంగా రాయండి. ముందే ఖాళీ చేయమంటే గోడలకు పెట్టిన ఖర్చు ఎంత తిరిగిస్తారో కూడా రాసుకోండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందే భవనం ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) చూపించమనండి. బెంగళూరులో జనానికి వినోదం అందించే చోట్లకు 2005 నాటి ఉత్తర్వు ప్రకారం పోలీస్ కమిషనర్ లైసెన్స్ కావాలి, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. ఓసీ, అగ్నిమాపక అనుమతి లేని పాత ఇళ్లకు ఆ మెట్టు దాటడం కష్టం. పై అంతస్తులో, వెనక వీధిలో ఎవరు నిద్రపోతారో శనివారం రాత్రి 11కి వెళ్లి చూడండి. హాలులో అద్దెకు తెచ్చిన ఒక సబ్‌వూఫర్ మోగించి, ఒకరు పక్కింటివాళ్ల అనుమతితో వాళ్ల పడకగదిలో నిలబడి వినండి. అక్కడ వినిపిస్తే ఆ హాలు వదిలేసి ఇంకోటి చూడండి.