ఆక్రమణ కథలో అమెరికన్లు ఎవరు?

ప్రశ్న: మా అబ్బాయి ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ సీరియల్ చూస్తుంటే నేనూ కూర్చున్నాను. మూడో సీజన్‌లో సైలాన్లనే యంత్రజాతి మనుషుల ఊరిని ఆక్రమిస్తే, మనం ఇష్టపడ్డ పాత్రలే మానవ బాంబులను పంపుతాయి. అది ఇరాక్ యుద్ధమేనంటాడు వాడు. మరి అందులో అమెరికన్లు ఎవరు? 1936లో మన ఊరు ఒడిశాలో కలిసిందే, దాన్నీ ఇలాగే చూడవచ్చునా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అబ్బాయి చెప్పింది నిజమే గాని, పాత్రకు పాత్రను జతచేస్తే కథ చిన్నబోతుంది. మొదట హఠాత్తుగా దాడికి గురై, చావగా మిగిలిన మనుషులలో అమెరికా ప్రేక్షకులు 2001 సెప్టెంబరు 11 నాటి తమను చూసుకున్నారు. 2006 అక్టోబరులో మూడో సీజన్ మొదలయ్యేనాటికి వారి సేనలు ఇరాక్‌లో దిగి మూడేళ్లు దాటింది. అప్పుడు రచయితలు, తాము ప్రేమించిన ఆ మనుషులనే ఆక్రమణ కింద ఉన్నవారిగా చూడక తప్పని స్థితిలోకి ప్రేక్షకులను నెట్టారు. అమెరికన్లు ఎవరన్న మీ ప్రశ్నకు, రెండు పక్షాలూ వారేనన్నది నా జవాబు.

సైలాన్ల కింద పోలీసులుగా చేరిన మనుషుల శిక్షణ ముగింపు సభను గుర్తుచేసుకోండి. భార్యను పోగొట్టుకున్న యువకుడొకడు వాళ్లలో ఒకడిగా చేరి, అక్కడే తన్ను తాను పేల్చుకుంటాడు. చచ్చినవాళ్లూ మనుషులే. ముసుగులు వేసుకుని రాత్రిపూట ఇరుగుపొరుగును పట్టుకుపోయే పోలీసులూ మనుషులే. అధ్యక్షుడేమో తలకు తుపాకి ఆనించి ఉండగా మరణశిక్షల కాగితం మీద సంతకం పెడతాడు. 1983 నాటి ‘వీ’ అనే టీవీ సీరియల్‌లో ఇంత చిక్కు లేదు, మనిషి తొడుగు వేసుకున్న బల్లిజాతిని చూడగానే నాజీలని తెలిసిపోతుంది.

ఇక 1936 సంగతి. కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దును ఆక్రమణ అనడం నాకు సమ్మతం కాదు. సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో చుట్టాలింటికి వెళ్లిరావడానికి మనల్ని ఆపేవారెవరు? పిల్లలకు తెలుగు చదువు అందడం లేదన్న బాధ నాకూ ఉంది, కాని దానిని మరో ఉత్తరంలో మాట్లాడుకుందాం.

వీలైతే ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’ సీరియల్‌లో 1993 నాటి ‘డ్యూయెట్’ భాగం ఇద్దరూ చూడండి. నిర్బంధ శిబిరంలో దస్త్రాలు రాసిన ఒక గుమాస్తా, తన జాతి మరో జాతిని ఆక్రమించి చేసిన పాపానికి శిక్ష అనుభవించాలని, ఆ శిబిరాధిపతి తానేనని అబద్ధమాడతాడు. అతనిని విచారించే స్త్రీ ఒకప్పుడు ఆ ఆక్రమణ మీద ఆయుధం పట్టినదే.