మండువా ఇల్లు బాగు చేయించండి, ఎఫ్‌డీ మాత్రం ఖాళీ చేయొద్దు

ప్రశ్న: అమలాపురం దగ్గర తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఉంది. ఇప్పుడు నాన్నగారి పేరున ఉంది. ముందు భాగం అలాగే ఉంచి, వెనక హాలు, రెండు గదులు వేయాలనుకుంటున్నాం. మధ్యలో జరిపే తలుపులు పెడితే ఇప్పుడు అమ్మానాన్నలు ఉండొచ్చు, రేపు ఓ భాగం అద్దెకు ఇచ్చుకోవచ్చు. అంచనా 23 లక్షలు. మా పొదుపంతా 8 లక్షల ఎఫ్‌డీ. అది తీసేసి, మిగతా 15 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికొచ్చేది 95 వేలు, ఖర్చు 55 వేలు.

జవాబు: వద్దండీ. పాత ఇల్లు ముట్టుకునేవాళ్లు తరచూ చేసే పొరపాటిది, అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను. ఆ 23 లక్షలు పెంకులు దించకముందు వేసిన లెక్క. మండువా నాలుగు మూలల్లో వాన నీళ్లు దిగే చోట వాసాలు పుచ్చిపోయాయో, దూలాల్లో చెదలు ఎంత లోపలికి వెళ్లాయో పైకప్పు విప్పితేగానీ తెలియదు. సున్నం గోడల మీద సిమెంట్ పూత వేయిస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, ఆ పని మళ్లీ చేయించాల్సి వస్తుంది. ఖర్చు పెరిగిన రోజున మీ చేతిలో ఏముంటుంది?

14 శాతం వడ్డీకి 15 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 34,900. నెలాఖరుకు మిగిలేది ఐదు వేలు, ఎఫ్‌డీ సున్నా. పైకప్పు విప్పి ఉండగా ఉద్యోగం పోతేనో, నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తేనో క్రెడిట్ కార్డే దిక్కు. ఇది ప్లాన్ అనిపించుకోదు.

ముందు 4 లక్షలు అత్యవసర నిధిగా వేరే ఎఫ్‌డీలో పక్కన పెట్టండి. దాని వైపు చూడొద్దు, మేస్త్రి ఎంత తొందరపెట్టినా సరే. మిగిలిన 4 లక్షలతో పైకప్పు విప్పించి బాగు చేయించండి. ఆ తర్వాత కొత్త అంచనా వేయించుకుని, నాన్నగారితో కలిసి ఇంటి మరమ్మతు రుణం 8 లక్షలకు మించకుండా తీసుకోండి. 9 శాతానికి పదేళ్లయితే ఈఎంఐ సుమారు 10,100. అప్పుడు ఖర్చు 65 వేలు. ఆరు నెలల ఖర్చు లెక్కేస్తే 3.9 లక్షలు, ఆ 4 లక్షలు పక్కన పెట్టమన్నది అందుకే. ఈఎంఐ పెరిగితే అత్యవసర నిధి కూడా పెరగాలి, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

మీరు వేసుకున్న డిజైన్‌లో మంచి సంగతేమిటంటే, విడతలుగా కట్టుకోవచ్చు. మొదట అమ్మానాన్నల గది, గడప లేని బాత్‌రూమ్. హాలు, రెండో గది తర్వాత చూసుకోవచ్చు. ఇల్లు మీ పేరున లేదు కాబట్టి వడ్డీపై పన్ను మినహాయింపు లెక్కలోకి తీసుకోకండి. బంగారం తాకట్టు సంగతి అసలు ఆలోచించొద్దు. తుపాన్ల ప్రాంతం కనుక పైకప్పు పని కాగానే నాన్నగారి పేరున భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ తీసుకోండి.